నాలుగో పలక

స్టోక్ మార్లీ ఊరివాళ్లంతా నేలచుంచులను తిట్టుకునేవాళ్లే. వాటి పక్షాన ఉన్నది ఆంబ్రోస్ గార్‌స్టన్ ఒక్కడే. నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ, తవ్విన మన్నంతా పైకి కుప్పలుగా నెట్టే ఆ నల్లటి జీవాలు చర్చి వెనక మైదానాన్ని మొటిమల మొహంలా చేసేశాయని పంచాయతీ సమావేశంలో ఎవరైనా అంటే, ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆంబ్రోస్ కళ్లజోడు తీశాడంటే ఒప్పుకోలేదని అర్థం.

ఆ పక్షపాతానికి కారణం ఉంది. మైదానం కింద ఏడు వందల ఏళ్లనాటి క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటి పడుకుని ఉంది. దాని గోడలు ఎప్పుడో కూలిపోయాయి. రాళ్లు కొన్ని పందుల దొడ్లకీ, కొన్ని పబ్బులో పొయ్యికీ పోయాయి. గచ్చు మాత్రం ముక్కలై మట్టి కింద మిగిలింది. ఎర్రమట్టి పలక మీద చెక్క అచ్చు గుద్ది, ఆ గుంటలో తెల్లమట్టి నింపి, పైన గాజుపూత పూసి కాల్చిన పలకల గచ్చు అది. మైదానం అంచున ప్రభుత్వం వారి బోర్డు ఉంది. ఇక్కడ తవ్వడం నేరం అని దాని మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. నేలచుంచులకు చదువు రాదు. అవి తవ్వుతాయి, బిస్కెట్టంత ముక్కలను మన్నుతోపాటు పైకి తోస్తాయి. పైకి వచ్చినదాన్ని ఏరుకుని, మ్యూజియంలో చూపించి నమోదు చేయించుకుంటే ఇంట్లో ఉంచుకోవచ్చు. స్థలం చర్చిది. చర్చి తరఫున పాదిరమ్మ గారు అనుమతి ఇచ్చింది.

ఏరింది ఆంబ్రోస్ కాదు, ఆయన భార్య హెస్టర్. పదకొండేళ్లపాటు, నేలచుంచులు జోరుగా తవ్వే చలికాలమంతా, పొద్దున ఏడింటికల్లా మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని కుప్పల ముందు కూర్చునేది. ఆయన ఫ్లాస్కు పట్టుకుని వెనక నిలబడి, చలి గురించీ నడుంనొప్పి గురించీ ఫిర్యాదు చేసేవాడు. ఇంటికి వచ్చాక ఆమె ముక్కలను సింకులో వేసి టూత్‌బ్రష్‌తో తోమేది. అది ఎవరి బ్రష్షో చూసుకునే అలవాటు ఆమెకు లేదు. ఆయన రోడ్ల శాఖలో భూమి కొలిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కాబట్టి, ప్రతి ముక్కనూ కొలిచి, గళ్ల కాగితం మీద గీసి, తేదీ వేసేవాడు.

ఆ ముక్కల్లోంచి మూడు పలకలు కుదిరాయి. నాలుగు పలకలు కలిపితే ఒక చక్రం అవుతుంది. మొదటి దానిలో ఒక మనిషి బూర ఊదుతూ పరిగెత్తుతున్నాడు. రెండో దానిలో వేటకుక్క, మూడో దానిలో ఇంకో వేటకుక్క. ముగ్గురూ గుండ్రంగా దేన్నో తరుముతున్నారు. ఆ తరుముతున్నది నాలుగో పలక మీద ఉండాలి. దాని తాలూకు ముక్క గోరంతది కూడా ఏ కుప్పలోనూ రాలేదు. హెస్టర్ మూడింటినీ ఒక చెక్క మీద అతికించి, నాలుగో మూల ఖాళీగా వదిలి, వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన నిలబెట్టింది. అన్నీ కొలిచే ఆంబ్రోస్ ఆ ఖాళీని కూడా కొలిచాడు. అటు అయిదుంబావు అంగుళాలు, ఇటు అయిదుంబావు అంగుళాలు.

హెస్టర్ నవంబరులో చనిపోయింది.

మార్చి మొదటి వారంలో పంచాయతీవారు నేలచుంచుల సంగతి తేల్చేశారు. ఈస్టరుకి పిల్లలు మైదానంలో గుడ్లు దొర్లించే పోటీ ఉంది. కిందటేడు ఒక పిల్ల కుప్ప మీద కాలు మడతపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చుంచులు పట్టే క్లెమ్ యాప్‌ని పిలవాలని తీర్మానం. చేతులు ఎత్తమంటే అందరూ ఎత్తారు. ఆంబ్రోస్ కళ్లజోడు తీశాడు గానీ, ఈసారి అది ఎవరికీ కనపడలేదు.

"పదిహేనో తారీకు సోమవారం మొదలుపెడతా," అన్నాడు క్లెమ్, టోపీ చేతిలో తిప్పుతూ. "వారంలో ఒక్కటి మిగల్దు."

నేలచుంచులు పోతే కుప్పలు ఉండవు. కుప్పలు లేకపోతే నాలుగో పలక ఎప్పటికీ రాదు. ఆంబ్రోస్ క్యాలెండర్‌లో లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది పొద్దులున్నాయి. మర్నాడు దిండు పట్టుకుని తనే బయల్దేరాడు.

ఊరివాళ్లు చూశారు. చూడనట్టు ఉన్నారు. స్టోక్ మార్లీలో మర్యాద అంటే అదే. నవంబరునుంచి ఎవరూ ఆయన ఎదుట హెస్టర్ పేరు ఎత్తలేదు. ఎదురైతే వాన గురించి మాట్లాడేవారు. వాన లేకపోతే, వాన లేకపోవడం గురించి మాట్లాడేవారు. ఓదార్పు మాటలు నోటితో చెప్పడం చేతగాక, గుమ్మడి జాతి కాయలతో చేసిన తియ్యపచ్చడి సీసాలు తెచ్చి, తలుపు కొట్టకుండా గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయేవారు. మార్చికి అవి పద్నాలుగయ్యాయి. ఆంబ్రోస్‌కి ఆ పచ్చడి పడదు. తినేది హెస్టర్.

మొదటి నాలుగు పొద్దుల్లో ఆయనకు దొరికినవి పొగతాగే పాత మట్టి గొట్టాల ముక్కలు మూడు, ఒక గోళీ, ఆకు బొమ్మ ఉన్న పలక మూల ఒకటి. ఆ ఆకు వేరే గచ్చుది. అయిదో పొద్దున కొత్త కుప్పలు లేవు. ఆరో పొద్దునా లేవు. పాతవాటినే మళ్లీ జల్లెడ పట్టాడు. చేతులు కొంకర్లు పోయి, ఇంటికొచ్చాక గొళ్లెం తీయడానికి రెండు చేతులూ వాడాల్సి వచ్చింది.

శనివారం ఏడో పొద్దు. గేటు తీయగానే మూడు కొత్త కుప్పలు కనిపించాయి.

ఆయన పరిగెత్తలేదు. ఆ వయసులో పరిగెత్తితే నలుగురూ చూస్తారు. కానీ దిండు గేటు దగ్గరే మర్చిపోయాడు. మొదటి కుప్ప ముందు తడిగడ్డి మీద మోకాళ్లు ఆనించి, వేళ్లతో మన్ను విడదీశాడు. ముక్క తగిలింది. ఎర్రమట్టి. బొటనవేలితో తుడిచాడు. తెల్లటి గీత. ఇంకా తుడిచాడు. అది మూతి. పరిగెత్తుతున్న ఏదో జంతువు మూతి. ఆయన తల వెనక్కి తిప్పి, "హె" వరకూ అన్నాడు. వెనక ఎవరూ లేరు. ఫ్లాస్కు కూడా లేదు. మళ్లీ మన్నులో చెయ్యి పెట్టాడు. ఇంకో ముక్క, ఇంకోటి. మొత్తం ఆరు. రుమాలులో మూటకట్టి రెండో కుప్ప దగ్గరికి వెళ్లాడు.

రెండో కుప్పలో పలక ముక్క కాదు, నిండు పలకే ఉంది. పైగా బొమ్మ పైకి కనపడేలా, బల్ల మీద పళ్లెం పెట్టినంత నీటుగా ఉంది.

ఆంబ్రోస్ కళ్లజోడు తీశాడు. నేలచుంచు బరువు ఒక ఆపిల్ పండంత. ఈ పలక దాదాపు ముప్పావు కిలో ఉంటుంది. దీన్ని పైకి మోయాలంటే చుంచులన్నీ కూలి మాట్లాడుకుని రావాలి. పలకను వెనక్కి తిప్పాడు. ఆనాటివాళ్లు మట్టిని ఇసక మీద పరిచేవారు, వెనకవైపు గరుగ్గా ఉంటుంది. దీని వెనక గళ్ల బట్ట నేత అచ్చుపడి ఉంది. గిన్నెలు తుడిచే బట్ట. మన్ను కూడా చూశాడు. మైదానం మన్ను ఎర్రజిగురు. ఈ కుప్పలో మన్ను నల్లగా, పొడిపొడిగా, మధ్యలో తెల్లపూసలతో ఉంది. ఊళ్లో పూలకుండీలకు ఆ సంచిమన్ను వాడే మనిషి ఒక్కతే, పక్కింటి డోరీన్ హాబ్‌డే. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైంది. పలక మీద బొమ్మ నక్క. మొహం మాత్రం డోరీన్ పిల్లిదే.

అప్పుడు రుమాలు విప్పి ఆ ఆరు ముక్కలనూ మళ్లీ చూశాడు. విరిగిన అంచులు నిన్న విరిగినంత శుభ్రంగా ఉన్నాయి. కలిపి చూస్తే పెద్ద చేతులు, కోసుగా ముక్కు. నేలచుంచు. వేటకుక్కలు నేలచుంచును తరమడం ఆంబ్రోస్ ఎక్కడా వినలేదు.

మూడో కుప్ప చతురస్రంగా ఉంది. దానిలో ఉన్నది దుప్పి. తల మీద కొమ్ముల మధ్య సిలువ, పాత క్రైస్తవ కథలో వేటగాడికి కనపడ్డ దుప్పిలా. కొమ్ములు కోట్లు తగిలించుకునే కొయ్యలా ఉన్నాయి. ఇది ఎవరిదో చెప్పడానికి మన్ను చూడక్కర్లేదు.

ఆయనకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు కూడా. ఈలోపు గేటు చప్పుడైంది. నక్కను కోటు కుడి జేబులో, దుప్పిని ఎడమ జేబులో, రుమాలు మూటను లోపలి జేబులో దోపుకుని లేచాడు. జేబుల బరువుకి కోటు భుజాల మీదనుంచి ముందుకు జారింది.

వచ్చింది పాదిరమ్మ గారు, ఫిలిప్ప లోడర్. రబ్బరు బూట్లు, మెడలో తెల్లపట్టీ. తిన్నగా ఆయన దగ్గరికే వస్తూ, చర్చి గోడ చూడ్డానికి వచ్చినట్టు దాని వంక తల తిప్పింది.

"గోడ చూద్దామని వచ్చానండి. వానకి నానిందేమోనని."

"నానలేదండి," అన్నాడు ఆంబ్రోస్.

"లేదు కదూ." ఆమె చూపు చతురస్రపు కుప్ప మీద పడింది. కుప్ప కెలికి ఉంది. "మీకు ఏమైనా... అంటే, దొరకాలని కాదు. మామూలుగా అడుగుతున్నా."

ఇక్కడ ఆంబ్రోస్‌కి ఒక సంగతి తట్టింది. ఈమెకు ఇంకో రెండు కుప్పల సంగతి తెలియదు. ఎవరికి వారు తామొక్కరే ఈ పని చేశామనుకుంటున్నారు. తెలిస్తే ముగ్గురూ సిగ్గుతో చచ్చిపోతారు. చర్చికి ఎలా వస్తారు, పోస్టాఫీసు ముందు ఎలా నిలబడతారు. ఆయన ఎడమ జేబులోంచి దుప్పిని తీశాడు.

"ఇది దొరికిందండి."

"అయ్యో, దుప్పి కదూ," అంది పాదిరమ్మ గారు. ప్రసంగాల్లో పరలోకం గురించి చెప్పేటప్పటి గొంతు అది. "కొమ్ముల్లో సిలువ కూడా ఉన్నట్టుందే. చూడండి, మఠం వాళ్లకి ఎంత భక్తి."

"చాలా భక్తి."

"పాతదేనంటారా?"

ఆంబ్రోస్ పలక వంక చూశాడు. పూత నిన్న కొన్న టీ కప్పులా మెరుస్తోంది. "వాతావరణం బాగా కాపాడిందండి," అన్నాడు.

మళ్లీ గేటు చప్పుడు. డోరీన్. చేతిలో కుక్క గొలుసు ఉంది. కుక్క లేదు. డోరీన్‌కి కుక్క ఎప్పుడూ లేదు.

"కుక్కని తిప్పుదామని," అంది.

ఇద్దరూ గొలుసు చివర చూశారు.

"వెనకాల వస్తోంది," అంది డోరీన్, వెనక్కి చూడకుండా.

పాదిరమ్మ గారు మర్యాదకి గోడవైపు తిరిగింది. ఆ క్షణంలో ఆంబ్రోస్ దుప్పిని ఎడమ జేబులో వేసి, కుడి జేబులోంచి నక్కను సగం బయటికి లాగి, కోటు అంచు చాటున చూపించాడు. డోరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నక్క," అంది గుసగుసగా. "నాకు తెలుసు అది నక్కేనని. నా కోళ్లు ఏడింటిని తినిపోయిన మొహం అదే."

"అదే మొహం," అన్నాడు ఆంబ్రోస్.

అంతవరకూ బాగానే నడిచింది. మూడోసారి గేటు తీసింది క్లెమ్ యాప్. క్లెమ్‌కి నాటకాలు రావు. గోడా కుక్కా లేకుండా సరాసరి వచ్చి నిలబడ్డాడు.

"ఏం సారూ. ఏవన్నా తగిలిందా?"

ఆంబ్రోస్ జీవితంలో ఎప్పుడూ కంగారుపడి కొలత తప్పు రాయలేదు. కానీ ఒకవైపు పాదిరమ్మ, ఇంకోవైపు డోరీన్, మధ్యలో మూడు జేబులు. లోపలి జేబులో పెట్టాల్సిన చెయ్యి ఎడమ జేబులోకి పోయింది. దుప్పి బయటికి వచ్చింది.

క్లెమ్ దాని వంక చూశాడు. "ఇదేంది?" అన్నాడు. "ఇది నాది కాదే."

"అదేమిటి," అంది డోరీన్. "ఇందాక నక్క కదా."

"నక్క ఏమిటండీ," అంది పాదిరమ్మ గారు. "అది దుప్పి."

ఎక్కడో దూరంగా నిజమైన కుక్క ఒకటి మొరిగింది. డోరీన్ గొలుసును కోటు జేబులో పెట్టేసింది. ఆంబ్రోస్ ఒక్కొక్కటిగా మూడూ బయటికి తీసి, గేటు పక్కనున్న రాతి మీద పెట్టాడు. ఇంక దాచడానికి ఏమీ లేదు.

ముగ్గురూ ఒకరి పనిని ఒకరు చూసుకున్నారు. చివరికి క్లెమ్ అన్నాడు, "నిండు పలక పెట్టారేందమ్మా ఇద్దరూ. చుంచు ఎట్టా మోస్తదనుకున్నారు? నేను సుత్తితో పగలగొట్టి మరీ పెట్టా. నా పని నాకు తెలీదా."

"చేయడానికి అన్ని వారాలు పట్టింది, పగలగొట్టడానికి నాకు చేతులెలా వస్తాయి," అంది డోరీన్.

"తవ్వడం నేరమని బోర్డు మీద ఉంది," అన్నాడు ఆంబ్రోస్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నేను తవ్వలేదండి," అంది పాదిరమ్మ గారు, ఎర్రబడి. "మా తోట మన్ను పెట్టెతో తెచ్చి బోర్లించాను. చట్టం చూసుకునే చేశాను."

వాన మొదలైంది. మర్యాద ప్రకారం ఇప్పుడు అందరూ వాన గురించి ఒక మాట అని ఎవరి ఇళ్లకు వాళ్లు పోవాలి. ఆంబ్రోస్ పలకలు ఎత్తుకున్నాడు. "టీ పెడతాను," అన్నాడు. "పాలున్నాయో లేదో తెలియదు."

నవంబరు తరవాత ఆ వంటింట్లోకి పరాయి మనిషి రావడం అదే మొదలు. కప్పులు నాలుగు దొరికాయి. వాటిలో ఒకటి గడ్డం గీసుకునే బ్రష్‌ది, కడిగాడు. డోరీన్ అరమీద వరసగా ఉన్న పద్నాలుగు సీసాలను లెక్కపెట్టింది. ఒక్కదాని మూత కూడా తీసి లేదు. తన నాలుగు సీసాలనూ వరసలో ముందుకు జరిపింది.

పలకల చెక్కను బల్ల మీద పడుకోబెట్టారు. వద్దన్నా వినకుండా ముగ్గురూ తమతమ పలకను నాలుగో మూలలో పెట్టి చూశారు. నక్క పెడితే చుట్టూ ఖాళీ. దుప్పి పెడితే అంతే ఖాళీ. చెక్కను కాస్త వంచితే చాలు, డబ్బాలో గింజలా గలగలలాడుతోంది. చుంచు ముక్కలు కలిపినా అంతే. మూడూ సరిగ్గా అర అంగుళం తక్కువ.

"నేను సరిగ్గా కొలిచానే," అంది డోరీన్. "ఆ రోజు టీకి వచ్చినప్పుడు, టేపు పెట్టి మరీ." ఏ రోజు అన్నది చెప్పలేదు. సమాధి దగ్గరనుంచి అందరూ ఈ వంటింటికి టీకి వచ్చిన రోజది.

"నేను ప్రార్థనల కాగితంతో కొలిచాను," అంది పాదిరమ్మ గారు.

"నేను జానతో," అన్నాడు క్లెమ్.

అంటే ఒక మధ్యాహ్నం, ఆంబ్రోస్ హాల్లో నిలబడి చేతులు కలుపుతుండగా, ముగ్గురు వేర్వేరుగా ఇక్కడికి వచ్చి ఈ ఖాళీని కొలుచుకుని వెళ్లారు. ఆయన కెటిల్‌లో మళ్లీ నీళ్లు పోశాడు. నిండుగానే ఉంది, పొర్లింది.

"మట్టి కాలిస్తే పదో వంతు కుంచించుకుపోతుంది," అన్నాడు, వాళ్లవైపు తిరక్కుండా. "ఎక్కడ చేశారు?"

ఎక్కడో తేలడానికి కాసేపు పట్టింది. బుధవారం సాయంత్రాలు బడిలో బెరిల్ ఫ్లెచర్ నడిపే కుండల క్లాసు. ముగ్గురూ జనవరిలో చేరారు, క్లాసులో కుండలు చేస్తూ, పలకను మాత్రం ఎవరింట్లో వాళ్లు చాటుగా చేసుకున్నారు. ముగ్గురూ విడివిడిగా బెరిల్‌ని పక్కకు పిలిచి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. బెరిల్ మూడు పలకలనూ ఒకే బట్టీలో కాల్చి, మూడు వేర్వేరు పేపర్లలో చుట్టి ఇచ్చింది. కుంచించుకుపోవడం గురించి మొదటి రోజే చెప్పిందట. ఆ సమయానికి పాదిరమ్మ గారు ఒక బాప్తిస్మం ముగించుకుని ఇంకా దారిలో ఉంది. డోరీన్ చేతులు కడుక్కుంటోంది. క్లెమ్ అక్కడే ఉన్నాడు, నిద్రపోతున్నాడు.

"అదంతా సరేగానీ," అంది డోరీన్, "క్లెమ్, చుంచు ఏమిటయ్యా? ఎవరైనా గుర్రాలూ బూరలూ వేసుకుని చుంచును వేటాడతారా?"

"హెస్టరమ్మే చెప్పింది," అన్నాడు క్లెమ్. "నేను బోన్లు సర్దుకుంటుంటే పక్కన కూచుని చెప్పింది. కచ్చితంగా చుంచే క్లెమ్, ఆ రోజుల్లో కూడా నీలాంటివాళ్లు ఉండేవాళ్లు అంది."

ఆ పేరు వంటింట్లో పడింది. క్లెమ్ తను ఏమన్నాడో అప్పుడే విన్నట్టు కప్పు కింద పెట్టాడు.

"నాకు నక్క అని చెప్పింది," అంది డోరీన్ నెమ్మదిగా. "నా కోళ్లు పోయిన వారం."

"నాకు దుప్పి అంది," అంది పాదిరమ్మ గారు. "నేను ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో. ఎవరూ నాతో సరిగా మాట్లాడేవారు కాదు. ఆవిడ వచ్చి, మీ మఠం వాళ్లు సిలువ దుప్పిని వేసుకున్నారండి, ఆ నాలుగోది దొరికితే చూపిస్తాను అంది."

"మొత్తానికి ముగ్గురికీ కోతలు కోసిందన్నమాట," అన్నాడు క్లెమ్.

"నిజంగా ఏమనుకునేదో మరి," అంది డోరీన్. "హెస్టర్‌నే అడిగి..."

ఆపేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఫర్వాలేదు డోరీన్," అన్నాడు ఆంబ్రోస్. "నేనూ రోజుకి పదిసార్లు అడగబోతాను."

వాన కిటికీ మీద కొడుతోంది. పాదిరమ్మ గారు బల్ల మీద పడ్డ పంచదార పలుకులను వేలితో ఒకచోటికి చేర్చింది.

"మీకేం చెప్పింది సారూ?" అన్నాడు క్లెమ్.

"ఏమీ చెప్పలేదు. అడిగితే తెలియదనేది. పదకొండేళ్లూ అదే మాట." ఆంబ్రోస్ కళ్లజోడు తీయలేదు. "నాకు చెప్పడం ఇష్టంలేదేమో అనుకునేవాణ్ని. తనకీ నిజంగా తెలియదు, అంతే."

"మొగుడికి కాబట్టి నిజం చెప్పింది," అంది డోరీన్. "మనకి కథలు."

"మీ కథలే బాగున్నాయి," అన్నాడు ఆంబ్రోస్. చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. "క్లెమ్, ఎల్లుండి నీ పని మొదలుపెట్టు. నేనేమీ అనుకోను. రేపొక్క పొద్దు చూసి వదిలేస్తాను."

క్లెమ్ టీ కలిపాడు. కలపడం అయిపోయాక కూడా కలిపాడు.

"రేపు వద్దు సారూ."

"ఏం?"

"అయిపోయింది. బుధవారమే. వచ్చే వారం వేరే ఊళ్లో పని పడింది, అందుకని మంగళారమే బోన్లు పెట్టా. పదకొండు పడ్డయ్. మైదానంలో ఒక్కటి లేదు." టోపీ కోసం చూశాడు, అది తల మీదే ఉంది. "మీరు రోజూ దిండు పట్టుకొస్తుంటే చెప్పడానికి నోరు రాలా."

ఆంబ్రోస్ ఖాళీ పొద్దులు గుర్తుచేసుకున్నాడు. "అంటే ఇవాళ్టి మూడు కుప్పలూ..."

"మేం చేసినవే," అన్నాడు క్లెమ్. "నాదైతే అచ్చు చుంచు చేసినట్టే ఉంది. ఆమెది చూశారా, నలుచదరం."

"పెట్టె అలా ఉంది, నేనేం చేయను," అంది పాదిరమ్మ గారు.

అయితే ఇంక రాదు. ఆంబ్రోస్ ఆ మాట లోపల ఒకసారి చెప్పుకుని చూశాడు. పొద్దున తడిగడ్డి మీద, ఆ మొదటి ముక్క చేతిలో ఉన్నంతసేపు, నాలుగో పలక వచ్చేసింది. ఆ అరనిమిషం క్లెమ్ సుత్తి దెబ్బల పుణ్యం. ఆ మాట క్లెమ్‌కి చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో తెలియక, పంచదార గిన్నె అతనివైపు జరిపాడు. క్లెమ్ ఇంకో రెండు చెంచాలు వేసుకున్నాడు.

తరవాత ఆంబ్రోస్ సొరుగులోంచి గళ్ల కాగితం, పెన్సిల్ తీశాడు. అయిదుంబావుని తొమ్మిదితో భాగించి పదితో హెచ్చవేశాడు. రెండుసార్లు చేసి, జవాబు కింద గీత గీశాడు.

"అయిదు అంగుళాల మీద ఎనిమిది పదోవంతులు, కాస్త ఎక్కువ. పచ్చిమట్టి ఆ కొలతకి కోస్తే, కాలాక సరిగ్గా పడుతుంది. బుధవారం ఎన్నింటికి?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏడింటికి," అంది డోరీన్. "దాని మీద ఏం వేస్తారు? నక్కని వేయడం కష్టమేం కాదు, తోక దగ్గరే..."

"ఏమీ వేయను. తెలియనిదాన్ని ఎలా వేస్తాను? వట్టి ఎర్రపలక."

"బొమ్మ లేకుండానా?" అంది పాదిరమ్మ గారు.

"మఠం వాళ్లూ వేశారండి. బొమ్మ పలకల మధ్య వట్టి పలకలు బోలెడు."

"మరి వాళ్లు ముగ్గురూ దేని వెంట పరిగెడుతున్నట్టు?" అన్నాడు క్లెమ్.

"పరిగెత్తనీ. వాళ్లకి ఏడు వందల ఏళ్లనుంచి అదే పని."

క్లెమ్ ఆలోచించి, తల ఊపాడు. డోరీన్ లేచి కప్పులు సింకులో వేసింది. "ఏప్రన్ తెచ్చుకోండి," అంది. "ఆ మట్టి ఒకసారి అంటుకుంటే వదలదు. పాదిరమ్మ గారి పట్టీ చూశారుగా, వారం రోజులు గులాబీ రంగులో ఉంది."

తలుపు వెనక కొక్కేనికి ఏప్రన్ ఒకటి వేలాడుతోంది. నీలం పువ్వులది, అంచుకి కుచ్చులు. నవంబరునుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. నలుగురూ దాన్ని చూశారు. నలుగురూ మర్యాదగా ఇంకెటో చూశారు. ఆంబ్రోస్ లేచి వెళ్లి, కొక్కెం మీదనుంచి దాన్ని తీసి, తలమీదుగా వేసుకుని, వెనక తాళ్లు కట్టుకోబోయాడు. అందలేదు. డోరీన్ చేతులు తుడుచుకుని వచ్చి ముడి వేసింది.

"కుచ్చులేసుకొస్తే నేను మీ పక్కన కూచోను సారూ," అన్నాడు క్లెమ్.

"నువ్వు నిద్రపోతావు. నేను ముందు బెంచీలో కూర్చుంటాను."